తెర మీది గూఢచారి వెళ్లిపోతే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో గూఢచారి ధారావాహికల మీద వచ్చిన వ్యాసం చదివి తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే బాధను చెప్పుకొన్నాయి. ఏళ్ల తరబడి చూస్తూ మనసుకు దగ్గర చేసుకున్న పాత్ర ఉన్నట్టుండి కథలో లేకుండా పోతే ఆ దిగులును ఏం చేసుకోవాలన్నదే ఆ బాధ. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయించాము. జవాబులలో కథల ముగింపులు చెప్పక తప్పలేదు. ఇక్కడ ప్రస్తావించిన ధారావాహికలను ఇంకా చూడనివారు ఆ సంగతి గమనించగలరు.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందిన దాన్ని. లండన్‌లో ఉంటున్న మా అమ్మాయి తెచ్చి ఇచ్చిన డీవీడీలలో 'స్పూక్స్' అనే బ్రిటిష్ ధారావాహికను మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఆఖరున రూత్ చనిపోయాక కొన్నాళ్లు అన్నం సయించలేదు. 'లేని మనిషి కోసం ఏడుస్తావా' అని మా ఇంట్లో వాళ్లు నవ్వుతున్నారు. ఇది మనసుకు వచ్చిన జబ్బేమోనని అనుమానంగా ఉంది.
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, ఇది జబ్బు కాదు. మీరు ఒక్కరే ఇలా బాధపడడమూ లేదు. 1956లోనే డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, రేడియోలోనూ టెలివిజన్‌లోనూ తరచుగా కనిపించే, వినిపించే మనుషులతో ప్రేక్షకులకు ఏర్పడే ఏకపక్షపు చనువును గురించి ఒక వ్యాసం రాశారు. అవతలి మనిషికి మనమెవరో తెలియకపోయినా, ఆ మనిషి నడక, మాట తీరు, కోపం వస్తే ముఖం ఎలా మారుతుందన్నది మనకు పక్కింటివాళ్ల సంగతులు తెలిసినట్టే తెలిసిపోతాయి. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఇజ్రాయెల్‌కు చెందిన జొనాథన్ కోహెన్ అనే ఆచార్యుడు, ఇష్టమైన పాత్ర తెర మీద నుంచి తప్పుకున్నప్పుడు కలిగే బాధనే ప్రత్యేకంగా పరిశీలించి, పాత్రతో ముడి ఎంత గట్టిదైతే ఎడబాటు అంత బరువుగా ఉంటుందని చెప్పారు. సొంత మనుషులు దూరమైనప్పటి బాధకు ఇది దగ్గర చుట్టమే కానీ, సాధారణంగా దానికంటే తేలికైనదని కూడా ఆ పరిశోధనల్లో తేలింది. మీ ఇంట్లో వాళ్లకు ఈ మాట చెప్పండి. నవ్వడం మానేసి పక్కన కూర్చుంటారని ఆశిస్తాను.

ఇక రూత్ సంగతి. మీ బాధకు ఆ పాత్రను తీర్చిదిద్దిన తీరులోనే కారణం ఉంది కనుక కాస్త వివరంగా చెబుతాను. 'స్పూక్స్' 2002 నుంచి 2011 వరకు బీబీసీ వన్‌లో పది సీజన్లు, 86 ఎపిసోడ్లుగా వచ్చింది. నికోలా వాకర్ నటించిన రూత్ ఎవర్షెడ్ అందులో తుపాకీ పట్టి పరుగులు తీసే మనిషి కాదు. ఆఫీసులో కూర్చుని కాగితాల నుంచి, భాషల నుంచి, నలుగురూ పట్టించుకోని చిన్న వివరాల నుంచి నిజాన్ని బయటికి లాగే మనిషి. అధికారి హ్యారీ పియర్స్‌కూ ఆమెకూ మధ్య ఉన్న ప్రేమ ఏళ్ల తరబడి మాటల దాకా రాకుండా చూపుల్లోనే మిగిలిపోయింది. అయిదో సీజన్‌లో హ్యారీని కాపాడడానికి నేరాన్ని తన మీద వేసుకుని, చనిపోయినట్టు నమ్మించి, దేశం విడిచి వెళ్లిపోయింది. అప్పుడు ప్రేక్షకులు ఒకసారి ఏడ్చారు. ఎనిమిదో సీజన్‌లో తిరిగి వచ్చింది, వాళ్లు సంతోషించారు. పదో సీజన్ చివరి ఎపిసోడ్‌లో, ఉద్యోగం వదిలి ఊరి బయట ఒక చిన్న ఇంట్లో హ్యారీతో కలిసి బతుకుదామని నిశ్చయించుకున్న తర్వాత, ఆ ఇంటి గడప తొక్కకుండానే ప్రాణం విడిచింది. ఒకసారి పోయి తిరిగివచ్చిన మనిషిని రెండోసారి పోగొట్టుకోవడం మామూలు కంటే ఎక్కువ నొప్పి కలిగిస్తుంది. దగ్గరికి వచ్చిన సుఖం చేజారిందన్న బాధ దానికి తోడవుతుంది. మీకు అన్నం సయించకపోవడంలో నాకు వింతేమీ కనిపించడం లేదు.

అయినా ఆ ముగింపు మీద మీరు కోపం రాయలేదు, బాధ మాత్రమే రాశారు. ఆ తేడా నాకు ముఖ్యంగా తోచింది. ఆ ఎపిసోడ్‌లో రూత్ పోయాక హ్యారీ తిరిగి కార్యాలయానికి వస్తాడు. పదేళ్లలో ఒరిగిపోయిన సహచరుల పేర్లు రాసి ఉన్న గోడ ముందు నిలబడతాడు. తర్వాత బల్ల మీద ఫోను మోగితే ఎత్తి తన పేరు చెబుతాడు. అంతే. ఆ కొద్ది నిమిషాల్లో కథ తన మనుషుల్లో ఎవరినీ మరచిపోలేదని ప్రేక్షకుడికి తెలుస్తుంది. పాత్ర పోయినందుకు ప్రేక్షకులు ఏడుస్తారు, ఆ ఏడుపులో తప్పు లేదు. వాళ్లకు కోపం వచ్చేది మాత్రం పాత్ర పోయిన మర్నాటి నుంచి కథ ఏమీ జరగనట్టు నడిచిపోయినప్పుడే. మిగిలిన ఉత్తరాలలో కూడా నాకు పదే పదే కనిపించిన సంగతి ఇదే.

మన ప్రాంతంలో ఎండాకాలం వస్తే ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే మహాభారత ఉత్సవాలను మీరు చూసే ఉంటారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, నడుమ అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర నేల మీద పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడి వధ, ఆ తర్వాత అగ్నిగుండం. అభిమన్యుడు పద్మవ్యూహంలో నుంచి తిరిగి రాడని అక్కడ కూర్చున్న ఏ ఒక్కరికీ తెలియనిది కాదు. అయినా ఆ రాత్రి పెద్దవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు, సుభద్ర పాత్రధారి రాగం తీస్తుంటే జనం కదలరు. అక్కడ ఏడ్చేవాళ్లను చూసి ఎవరూ నవ్వరు, ఎందుకంటే పక్కన కూర్చున్నవాళ్లూ ఏడుస్తూనే ఉంటారు. మీరు రూత్ మరణాన్ని ఒంటరిగా, అర్ధరాత్రి, ఇంట్లో అందరూ నిద్రపోయాక చూసి ఉంటారని ఊహిస్తున్నాను. మీ అమ్మాయికి ఫోను చేసి ఆ చివరి ఎపిసోడ్ గురించి తీరిగ్గా మాట్లాడండి. ఆమె కూడా చూసే ఉంటుంది, లేకపోతే పనిగట్టుకుని ఆ పెట్టెను అంత దూరం నుంచి మోసుకొచ్చేది కాదు. అయితే ఒక్క మాట. రూత్ కోసం మొదలైన దిగులు వారాలు గడిచినా తగ్గకుండా నిద్రను, తిండిని పాడు చేస్తుంటే, దాని కింద మీ సొంత జీవితపు లోటు ఏదో కదిలిందేమో చూసుకోవాలి. అలాంటప్పుడు వైద్యుల దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: గూఢచారి కథల్లోనే ముఖ్య పాత్రలను ఇంత నిర్దాక్షిణ్యంగా ఎందుకు తీసేస్తారు? మన తెలుగు సీరియళ్లలో పాత్ర పదేళ్లయినా కదలదు, నటుడు మారతాడు తప్ప.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అయ్యా, గూఢచారి కథకు ఊపిరి ప్రమాదమే. కథానాయకుడికి ఏమీ కాదని ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతే బాంబు పక్కన ఎన్ని నిమిషాలు నిలబెట్టినా గుండె కొట్టుకోదు. ఈ సంగతిని టెలివిజన్ ఎంత కటువుగా నేర్పిందో చూడాలంటే 2002 మే నెల దగ్గరికి వెళ్లాలి. ఆ నెల 20న 'స్పూక్స్' రెండో ఎపిసోడ్‌లో హెలెన్ ఫ్లిన్ అనే యువ అధికారిణిని శత్రువులు మరిగే నూనెతో హింసించి చంపారు. ఆ పాత్రలో నటించిన లీసా ఫాక్నర్ అప్పటికే బ్రిటిష్ టెలివిజన్‌లో తెలిసిన ముఖం కనుక, ఆమె ధారావాహిక మొత్తం ఉంటుందనే అందరూ నమ్మారు. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆ మర్నాడే, మే 21న, అమెరికాలో '24' అనే ధారావాహిక మొదటి సీజన్ ముగింపులో కథానాయకుడు జాక్ బవర్ భార్య టెరీ హత్యకు గురైంది. ఆమె బతికినట్టుగా కూడా ఒక ముగింపు చిత్రీకరించి ఉంచుకున్న నిర్మాతలు, ప్రసారానికి మాత్రం చావునే ఎంచుకున్నారు. అట్లాంటిక్‌కు అటూ ఇటూ ఒక్క రోజు తేడాతో ఇద్దరు స్త్రీల మరణాలు చూసిన ప్రేక్షకులు ఆ తర్వాత ఏ గూఢచారి ధారావాహికనూ ధీమాగా చూడలేకపోయారు.

'24'లో ఒక పద్ధతి ఉండేది. ప్రతి ఎపిసోడ్ చివర తెర మీద గడియారపు అంకెలు టిక్కు టిక్కుమనే శబ్దంతో నడుస్తూ ఆగిపోతాయి. టెరీ మరణించిన ఎపిసోడ్‌లో ఆ అంకెలు శబ్దం లేకుండా నడిచాయి. తర్వాతి సీజన్లలోనూ కొందరు ముఖ్యులు పోయినప్పుడు ఆ మౌన గడియారాన్నే వాడారు. ఎప్పుడూ కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసే, స్థూలకాయుడూ నెమ్మదస్తుడూ అయిన ఎడ్గర్ స్టైల్స్ అయిదో సీజన్‌లో విషవాయువుకు బలైనప్పుడు, అద్దానికి ఇవతల నిలబడి నిస్సహాయంగా చూస్తున్న సహోద్యోగుల ముఖాల తర్వాత ఆ అంకెలు నిశ్శబ్దంగా కదిలాయి. అభిమానులు దాన్ని ఆ పాత్రకు దక్కిన గౌరవంగా తీసుకున్నారు. అదే సీజన్‌లో జాక్ సహచరుడు టోనీ అల్మీడా పోయినట్టు చూపినప్పుడు గడియారం మౌనంగా నడవలేదు. ఇంతమంది ప్రేమించిన మనిషిని కథ ఇంత తేలికగా సాగనంపిందేమిటని కొందరు నొచ్చుకున్నారు, అతను బతికే ఉన్నాడని మరికొందరు అనుమానించారు. ఏడో సీజన్‌లో టోనీ తిరిగి వచ్చాడు. ప్రేక్షకులు ఎంత సూక్ష్మంగా చూస్తారో, మరణం కంటే మర్యాదను ఎంత పట్టించుకుంటారో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

కథకు బయటి కారణాలు కూడా ఉంటాయి. నటులు కొత్త అవకాశాల కోసం వెళతారు, ఒప్పందాలు ముగుస్తాయి, కుటుంబ కారణాలుంటాయి. 'స్పూక్స్' మూడో సీజన్ 2004లో ప్రసారమైనప్పుడు మొదటి నుంచి ఉన్న ముగ్గురు ముఖ్యులూ ఆ ఒక్క సీజన్‌లోనే వెళ్లిపోయారు. టామ్ మనస్సాక్షికి విరుద్ధమైన పనికి అడ్డుపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. జోయి కోర్టులో శిక్ష పడిన తర్వాత కొత్త పేరుతో చిలీ దేశానికి వెళ్లిపోయింది. డానీ మాత్రం సహోద్యోగిని బదులు తనను చంపేలా శత్రువులను రెచ్చగొట్టి ప్రాణమిచ్చాడు. ముగ్గురికీ మూడు దారులు ఇవ్వడం రచయితల శ్రద్ధను చూపిస్తుంది. టామ్ పాత్రధారి మాథ్యూ మెక్‌ఫాడియన్ 2011లో చివరి ఎపిసోడ్‌లో కొద్ది క్షణాలు మళ్లీ కనిపిస్తే పాత అభిమానులు పొంగిపోయారు. చంపకుండా పంపిన పాత్రకు తలుపు తెరిచే ఉంటుంది. ఈ పాఠాన్ని మన సీరియళ్ల రచయితలు కూడా గుర్తించాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. మీరన్నట్టు 'ఇకపై ఈ పాత్రలో ఫలానా వారు' అని ఒక పట్టీ వేసి నటుణ్ణి మార్చే పద్ధతి పాత్రను నిలబెడుతుంది కానీ, చూసేవాళ్లకు అలవాటైన ముఖానికి వీడ్కోలు చెప్పే అవకాశమే ఇవ్వదు.

ప్రశ్న: 'ది ఫ్యామిలీ మ్యాన్' తీసిన రాజ్, డీకే మా ఎస్వీ విశ్వవిద్యాలయంలోనే ఇంజనీరింగ్ చదివారని మా అందరికీ గర్వం. రెండో సీజన్‌లో మిళింద్ పాత్ర చనిపోవడం మా హాస్టల్‌లో ఎవరికీ నచ్చలేదు. రాజీ పాత్ర పోయినందుకు కూడా కొందరు బాధపడ్డారు. అందరం కలిసి దర్శకులకు ఒక ఉత్తరం రాయాలనుకుంటున్నాము. ఇలాంటి నిరసనల వల్ల ప్రయోజనం ఉంటుందా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: ముందుగా మీ గర్వంలో నేనూ పాలుపంచుకుంటాను. తిరుపతికి చెందిన రాజ్ నిడిమోరు, చిత్తూరుకు చెందిన కృష్ణ డీకే మన కళాశాలలో కలిసి చదువుకుని, అమెరికాలో ఉద్యోగాలు చేసి, సినిమా శిక్షణ పొందకుండానే దర్శకులై, దేశమంతా చూసే గూఢచారి కథ చెప్పడం మామూలు విషయం కాదు.

మొదటి సీజన్ 2019 సెప్టెంబరులో వచ్చినప్పుడు విషవాయువు ముంచుకొస్తున్న కర్మాగారంలో మిళింద్, జోయా చిక్కుకున్న దగ్గర కథను ఆపేశారు. వాళ్లు బతికారో లేదో తెలియడానికి ప్రేక్షకులు 2021 జూన్ దాకా ఎదురుచూడవలసి వచ్చింది. అంతకాలం ఎదురుచూసి, బతికాడని ఊపిరి పీల్చుకున్న మిళింద్, అదే సీజన్‌లో నేలకొరిగాడు. మీ హాస్టల్ మిత్రుల కోపం నాకు పూర్తిగా అర్థమవుతోంది. రాజీ విషయం ఇంకా ఆసక్తికరమైనది. ఆమె కథానాయకుడికి శత్రువు. సమంత ఆ పాత్రను పెద్దగా మాటల్లేకుండా, బిగించిన దవడతో, బస్సులో మీద చెయ్యి వేసే మగవాడి ముందు అణచుకున్న కోపంతో పోషించారు. చేయబోతున్నది ఘోరమని తెలిసినా ఆమె మరణానికి మనసు చివుక్కుమన్నదంటే అది మీ హాస్టల్ కుర్రవాళ్ల మంచితనానికీ, ఆ నటనకూ కూడా సాక్ష్యం.

ఇక ప్రయోజనం సంగతి. 1893 డిసెంబరులో షెర్లాక్ హోమ్స్‌ను ఆర్థర్ కోనన్ డాయల్ జలపాతంలో పడేసినప్పుడు, ఆ కథలు ప్రచురించే 'స్ట్రాండ్' పత్రికకు ఇరవై వేల మంది చందాలు మానేశారని చెబుతారు. డాయల్ వెంటనే లొంగలేదు. 1901లో హోమ్స్ బతికి ఉన్న కాలపు పాత కేసు ఒకటి రాశారు, 1903లో గానీ హోమ్స్ చావలేదని ఒప్పుకోలేదు. మన కాలంలో అమెరికన్ ధారావాహిక 'హోమ్‌ల్యాండ్'లో పీటర్ క్విన్ పాత్ర 2017లో మరణించినప్పుడు, అభిమానులు డబ్బు పోగు చేసి 'హాలీవుడ్ రిపోర్టర్' పత్రికలో ప్రకటన వేయించారు. క్విన్ చనిపోయాడన్నది కాదు వాళ్ల అభ్యంతరం. విషప్రయోగం వల్ల శరీరం, మాట దెబ్బతిన్న ఆ సైనికుణ్ణి అతని చివరి సీజన్‌లో కథ చూసుకున్న తీరు వాళ్లను నొప్పించింది. క్విన్ తిరిగి రాలేదు. అదే ధారావాహికలో 2013లో బ్రోడీ అనే ముఖ్య పాత్రను టెహ్రాన్ కూడలిలో ఉరి తీసినప్పుడు కూడా ప్రేక్షకులు కుమిలిపోయారు. కానీ ఆ సీజన్ చివరి దృశ్యంలో, చనిపోయినవాళ్ల కోసం సీఐఏ కార్యాలయపు గోడ మీద చెక్కిన నక్షత్రాల పక్కన అతనికి చోటు దక్కకపోతే, కథానాయిక క్యారీ తానే మార్కర్ పెన్నుతో ఒక నక్షత్రం గీస్తుంది. సంస్థ ఇవ్వని గౌరవాన్ని కథ ఇచ్చింది. బ్రోడీ అభిమానులకూ క్విన్ అభిమానులకూ మధ్య ఉన్న తేడా నాకు ఆ ఒక్క గీత దగ్గర కనిపిస్తుంది.

తిరిగి వచ్చినవాళ్లూ ఉన్నారు. నౌకాదళ దర్యాప్తు కథ 'ఎన్‌సీఐఎస్'లో ఇజ్రాయెల్ గూఢచారి సంస్థ మొసాద్ నుంచి వచ్చిన జీవా డేవిడ్ పాత్ర 2013లో వెళ్లిపోయింది, 2016లో ఇంటి మీద దాడిలో చనిపోయిందని చెప్పారు. అభిమానులు మాత్రం ఆమె మరణాన్ని కళ్లారా చూపలేదన్న మాటను పట్టుకుని వదలలేదు. 2019లో ఆమె నిజంగానే తెర మీద ప్రత్యక్షమైంది. అయితే నటి ఒప్పుకోవాలి, కథలో సందు ఉండాలి, నిర్మాతకు గిట్టుబాటు కావాలి. ఇవేవీ లేకుండా అభిమానుల పట్టుదల ఒక్కటే పాత్రను బతికించదు.

కాబట్టి తప్పకుండా ఉత్తరం రాయండి, కానీ మిళింద్‌ను బతికించమని అడగకండి. అతనితో పని చేసినవాళ్లకు, అతని ఇంటివాళ్లకు ఆ తర్వాత ఏమైందో తెలుసుకోవాలని ఉందని రాయండి. ఆ పాత్రలో సన్నీ హిందూజా చేసిన ఏ సన్నివేశం మీ అందరికీ గుర్తుండిపోయిందో పేర్కొనండి. రచయితకు బెదిరింపు కంటే అలాంటి వివరమే ఎక్కువ కాలం జ్ఞాపకం ఉంటుంది.

ప్రశ్న: ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి, తనకిష్టమైన పాత్రను కథలో చంపిన ప్రతినాయకుడిగా నటించినాయన ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో బండబూతులు రాశాడు. 'అందరూ రాస్తున్నారు కదమ్మా' అంటాడు. ఏమని చెప్పాలి?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: ఆ వ్యాఖ్యను వాడి చేతనే తీసేయించండి, అదీ ఈ రోజే. నటుడు రచయిత రాసిన సన్నివేశాన్ని దర్శకుడు చెప్పినట్టు చేశాడు; కోపం తెప్పించాడంటే పని బాగా చేశాడనే అర్థం. దుర్యోధనుడి వేషం కట్టిన కళాకారుణ్ణి నాటకం అయ్యాక మన ఊళ్లలో ఇంటికి పిలిచి భోజనం పెడతారని మీ అబ్బాయికి గుర్తు చేయండి. ఆ తర్వాత, వాడికి ఆ పాత్ర ఎందుకంత ఇష్టమో అడగండి. ఇంటర్ వయసు పిల్లలు ఒక పాత్రను అంతగా పట్టుకున్నారంటే, ఆ పాత్ర ధైర్యమో, ఒంటరితనమో, తండ్రితో దానికున్న గొడవో వాళ్లకు తమదిగా తోచి ఉంటుంది. అది వాడి నోటి నుంచి వచ్చేదాకా ఓపిక పట్టండి. వీలుంటే ఆ ఎపిసోడ్‌ను వాడి పక్కన కూర్చుని మీరూ ఒకసారి చూడండి.